గుడి కూలినా ఆగని చదువు

శ్రీకాకుళం, విజయనగరం వైపు క్రైస్తవ కుటుంబాల్లో మోషే, దావీదు, ఎస్తేరు అన్న పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. తొలినాళ్లలో బైబిల్‌ను తెలుగులోకి తెచ్చే పని సాగిన చోట్లలో ఈ తీరం ఒకటి. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేశారు. 1812లో అవి శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పాత నిబంధన ఆ తర్వాత వచ్చింది. అందులో ఉన్నది యూదుల పవిత్ర గ్రంథమే. వాళ్లు దాన్ని తనఖ్ అంటారు. అయితే యూదులంటే ఆ పుటల్లో ఆగిపోయినవాళ్లన్న భావన మనలో బలంగా ఉంది. పరిసయ్యుడంటే వేషధారి అని ప్రసంగాల్లో వింటూ పెరిగాం. ఆ పరిసయ్యులే లేకపోతే ఇవాళ యూదు మతం మిగిలేది కాదేమో!

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశారు. అప్పటి యూదుల్లో ఒక వర్గమైన సద్దూకయ్యుల బలమంతా ఆలయం, బలిపీఠం, యాజకత్వం. అవి పోగానే వాళ్లూ కనుమరుగయ్యారు. మరో వర్గమైన పరిసయ్యులు మాత్రం రాసిన ధర్మశాస్త్రంతో పాటు నోటి సంప్రదాయాన్నీ నమ్మారు. దేవుడు ఒక్కడే, ఆయనతో చేసుకున్న నిబంధన రోజువారీ నడకలో కనిపించాలి. ఈ నమ్మకాన్ని మోసుకెళ్లడానికి గుడి ఉండి తీరాలని లేదు. అందుకే బలుల చోట ప్రార్థన, యాజకుల చోట చదువు చెప్పే రబ్బీలు వచ్చారు. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా ఆ నోటి సంప్రదాయాన్ని మిష్నాగా కూర్చాడు. దాని మీద తరతరాల చర్చ తల్మూదు అయింది.

తల్మూదు పుట ఒక్కటి చూస్తే ఈ మతం ఎలా ఆలోచిస్తుందో తెలుస్తుంది. మధ్యలో మూలం. ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు రాషి వ్యాఖ్య, రెండో పక్క ఆయన తర్వాతివాళ్ల ఆక్షేపణలు. హిల్లేలు, షమ్మాయి అనే ఇద్దరు గురువుల శిష్యులు వందల విషయాల్లో తగవులాడుకున్నారు. తీర్పు ఎక్కువగా హిల్లేలు పక్షానికే వచ్చింది. అయినా షమ్మాయి పక్షం మాట చెరిపెయ్యలేదు. ఓడిన వాదాన్ని కూడా విద్యార్థి నేర్చుకోవాల్సిందే. ఈ మతం ఇచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

చర్చకు ఇంత చోటిచ్చిన వాళ్లే మూలం దగ్గర ఒక్క అక్షరం కదలనివ్వరు. తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం రాసిన చుట్టను లేఖకుడు శుద్ధమైన జంతు చర్మం మీద ఈక కలంతో రాస్తాడు. మొత్తం 3,04,805 అక్షరాలు. జ్ఞాపకం మీద రాయకూడదు, చూసే రాయాలి. తప్పు పడితే గీకి దిద్దొచ్చు, కానీ దేవుని నామాన్ని చెరపకూడదు. అక్కడ తప్పితే ఆ చర్మపు పుటనే తీసేసి భద్రంగా పాతిపెడతారు. చుట్టలో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు. చదివేవాడు రెండూ ముందే నేర్చుకుని రావాలి. వేలు తగలకుండా చెయ్యి ఆకారంలో ఉన్న పుల్లతో వరస చూపిస్తూ చదువుతాడు. అర్థం మారేలా పలికితే పక్కనున్నవాళ్లు అక్కడే ఆపి సరిచేస్తారు. ఏడాదిలో తోరా పూర్తవుతుంది. ముగించిన రోజే మళ్లీ ఆదికాండం అందుకుంటారు.

వారానికి ఒకరోజు, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా, పని మానడం వాళ్లకు గుడి కట్టుకోవడం లాంటిది. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే దీపం వెలిగించాలి; ఆ తర్వాత నిప్పు రాజెయ్యకూడదు. మానాల్సిన పనులను రబ్బీలు 39 రకాలుగా విడదీశారు. కొంకణ తీరంలో గానుగ ఆడించే బెనే ఇజ్రాయెల్ అనే యూదులు శనివారం గానుగ కట్టేవారు కాదు. ఇరుగుపొరుగువాళ్లు వాళ్లకు ‘శనివార్ తేలీ’ (శనివారపు గానుగవాళ్లు) అని పేరుపెట్టింది అందుకే.

ఇదంతా దూరదేశపు సంగతి కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991 నుంచి యూదుల సమాజమందిరం ఉంది. వాళ్లు బెనే ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతతి. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. సాదోక్ యాకోబి, షమూయేలు యాకోబి అనే అన్నదమ్ములు ముందుండి నడిపించారు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో అష్షూరు చెరపట్టిన పది గోత్రాల్లో తమది ఒకటని వాళ్ల నమ్మకం. దీన్ని చరిత్రకారులు రుజువైన విషయంగా ఒప్పుకోలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీళ్ల మీద ఒక పుస్తకమే రాశారు.

రుజువు సంగతి అలా ఉంచితే, వాళ్లు చేస్తున్నదేమిటో చూడాలి. చదువుకూ గుడికీ తరతరాలుగా దూరం పెట్టిన కులం నుంచి లేచి, ఒక గ్రంథం మాది అంటున్నారు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో శనివారం పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. 39 రకాల పనుల పట్టిక చదవడం వేరు, ఆ కూలి వదులుకోవడం వేరు. వాళ్లు చెప్పుకునే ఆ ఎఫ్రాయిము పేరు యూదుల ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది: ఎఫ్రాయిములా, మనష్షేలా దేవుడు నిన్ను చేయుగాక అని యూదు తల్లిదండ్రులు శుక్రవారం రాత్రి కొడుకులను దీవిస్తారు. మన ఈశాన్య రాష్ట్రాల్లో మనష్షే గోత్రం వాళ్లమని చెప్పుకునే బెనే మెనషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించారు; వేలమంది మతస్వీకార విధి జరుపుకుని అక్కడ స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు. నడకను బట్టి మనిషిని చూసే మతం కాబట్టి, ఆ నడకలోకి వస్తామనేవాళ్లకు చదువు చెప్పే రబ్బీని పంపాల్సింది ఇజ్రాయెల్ రబ్బీలే.