ప్రసంగవేదికపై కన్నీరు: చీరాల–పేరాల ఉద్యమం, మిలేతు ప్రసంగం – ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రసంగంలో భావోద్వేగానికి స్థానమున్నదా అనే ప్రశ్నకు మన సంఘాలలో రెండు జవాబులు వినబడుతున్నాయి. కొందరు దానిని శరీరసంబంధమైనదిగా ఎంచి, వాక్య వివరణతోనే సరిపెట్టుకుంటారు. మరికొందరు స్వరం పెంచి, కీబోర్డు వాయిద్యం నడుమ శ్రోతలను ఏడిపించడమే అభిషేకమని తలుస్తారు. ఇరువురూ ఉద్వేగాన్ని ప్రసంగ పద్ధతిగానే చూస్తున్నారు. అది వక్తకు, శ్రోతలకు మధ్యనున్న బంధం నుండి పుట్టేదని మా అభిప్రాయం.

దీనికి నిదర్శనం వేటపాలెం పక్కనే ఉన్నది. అక్కడ 1918లో సారస్వత నికేతనం వెలసింది. మూడేళ్లకు, 1921లో, పొరుగునున్న చీరాల–పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నుల భారాన్ని నిరసిస్తూ ఇళ్లు విడిచి, పొలిమేర అవతల రామనగరులో పాకలు వేసుకొని సుమారు 11 నెలలు గడిపారు. వారి నాయకుడు ‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). పాట, పద్యం, చమత్కారం కలగలిసిన ప్రసంగాలకు ఆయన పేరుపొందారు. అయితే కేవలం చమత్కారం విని ఎవరూ ఇల్లు విడువరు. తాను కోరిన త్యాగం నుండి ఆయన తన్ను మినహాయించుకోలేదు. బరంపురంలో ప్రసంగ నిషేధాన్ని ధిక్కరించి జైలుకు వెళ్లారు. ఆ మాటకు బలమిచ్చినది ఈ సిద్ధపాటే.

ఇక్కడ ఒక పరిమితిని కూడా గమనించాలి. ఆయన చెరలో ఉండగా ఉద్యమం సడలింది. ప్రజలు తిరిగి ఇళ్లకు చేరారు. ధనాభావం, ప్రభుత్వ నిర్బంధం అందుకు కారణాలే. అయినను ఒక్క కంఠంపై ఆధారపడిన ఉద్వేగం ఆ కంఠం దూరమైనప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

అపొస్తలుల కార్యములు 20:17-38 ఈ ప్రశ్నను ఎదుర్కొంటుంది. మిలేతులో పౌలు తన కన్నీళ్లను రెండుసార్లు (19, 31 వచనాలు) జ్ఞాపకం చేస్తాడు. అవి ఆనాటి వేదికపై పుట్టినవి కావు. మూడేళ్లు ఇంటింటా తిరిగి, స్వహస్తాలతో కష్టపడినవాని కన్నీళ్లు. అంతకన్న ముఖ్యమైనది 32వ వచనం. ఆయన పెద్దలను తనకు కట్టివేసుకోక, దేవునికిని ఆయన కృపావాక్యమునకును అప్పగించాడు. వారు ఏడ్చారు, అయినను సంఘం ఆయన లేకుండా నిలువగలిగేలా ఆ ప్రసంగం సాగింది.

బలహీనతను వెల్లడించడంలోనూ పౌలుకు ఒక హద్దు ఉన్నది. 2 కొరింథీయులకు 12వ అధ్యాయంలో ముల్లు ఉన్నదని చెప్పాడు గాని, అది ఏమిటో వర్ణించలేదు. శ్రోత దృష్టి గాయంపై ఆగక కృపవైపు సాగింది.

కావున వేటపాలెంలో నేత కుటుంబాల ఎదుట అప్పుల బాధను గూర్చి బోధించే కాపరి మొదట మగ్గం గుంట ప్రక్కన కూర్చొని వినాలి. తన కష్టాన్ని చెప్పుకొన్నచో, అది జాలి కొరకో, కానుక కొరకో కారాదు. ఎంతమంది ఏడ్చారన్నది ప్రసంగానికి కొలత కాదు. సోమవారం ఉదయం, కాపరి ఎదుట లేనప్పుడు, విశ్వాసి చేతిలో ఏ వాక్యం మిగిలినదన్నదే కొలత.