గాజుతొట్టిలో మత్స్యసఖ్యము

చేపల తొట్టి నమర్చుట యొక విద్య యని యొప్పుకొననివారు మనలో పెక్కండ్రు గలరు. దుకాణమునకు పోయి, ఎఱ్ఱనిదొకటి, పసుపుపచ్చనిదొకటి, నల్లనిదొకటి వ్రేలితో చూపి, ప్లాస్టిక్ సంచిలో కట్టించుకొని వచ్చి నీటిలో విడిచినంతనే పని ముగిసినదని వారి తలంపు. పదిమంది గాయకులను ఒక్క వేదికపై కూర్చుండబెట్టి ఎవరికి తోచిన రాగమును వారిని పాడుమన్నచో ఎట్టి కచేరి యగునో, వారి యింటి తొట్టియు నట్టిదే యగును. చేయి తిరిగినవాడు కూర్చిన తొట్టి వేఱు. అందు జాతులు నాలుగింటికి మించవు. కాని ఏ జాతి యే యెత్తున తిరుగునో, దేని వన్నె దేని ప్రక్కన రాణించునో, దేని స్వభావము దేనికి పొసగునో యతడు ముందుగనే యోచించి యుండును. చూచువానికి మాత్రము ఆ యోచన యెచ్చటను కానరాదు. కళ యనిపించుకొనుటకు ఇంతకంటె నేమి కావలెను?

ఈ విద్య యెచ్చట పుట్టినదన్న తగవును పండితులకు విడిచిపెట్టుదము. చీనావారు బంగారుచేపలను వేయి యేండ్లుగా పెంచుచున్నారట. ఇంగ్లండున గాజుతొట్టిపై మోజు పుట్టించినది 1854లో గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు వ్రాసిన పుస్తకము. మన చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసమున మత్స్యవినోదమును వర్ణించెను గాని, అది గాలము వేయువారి వినోదము. నాకు ప్రీతి చరిత్రయందు కాదు, ఘనుల పనితనమునందు. ఫిలడెల్ఫియాలో ముద్రాపకుడైన విలియం ఇన్నిస్ 1935లో ప్రకటించిన వన్నెచేపల గ్రంథమే ఒక తరమువారికి పాఠ్యపుస్తకమైనది. మఱుసటి యేట నియాన్ టెట్రాను వర్ణించిన శాస్త్రజ్ఞుడు దానికి ఆయన పేరే పెట్టెను. ఇక జపానుదేశపు నీగాటా వాస్తవ్యుడైన తకాషి అమానో మాట యెత్తినచో నా కలము ఆగదు. సైకిలు పందెములలో పాల్గొని, పిమ్మట ఛాయాగ్రాహకుడై పేరొందిన యా మహాశయుడు ఱాళ్లు, మొద్దులు, సజీవమైన నీటిమొక్కలు—ఇంతమాత్రపు సరంజామాతో గాజుతొట్టిలో కొండలను, కోనలను సృష్టించెను; 2015లో, తన మరణమునకు కొలది నెలల ముందు, లిస్బన్ నగరపు మత్స్యప్రదర్శనశాలలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటిలో ఒక యడవినే నిలిపెను. ఆయన తొట్ల ఛాయాచిత్రములు చూడుడు: పెక్కింటియందు చేపలజాతులు ఒకటి రెండే, కాని గుంపులు గుంపులు. ప్లాస్టిక్ చెట్లను, బుడగలు కక్కు కపాలములను, నోరు తెఱచి మూయు మొసళ్లను తొట్టిలో పెట్టి యదియే యలంకార మనువారితో నాకు పొత్తు లేదు.

సామాన్య గృహస్థునకు 36 అంగుళముల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు గల తొట్టి చాలును. లెక్కకు అది సుమారు 160 లీటర్లు పట్టును గాని, ఇసుకకును పైన విడువవలసిన జాగాకును పోగా మిగులు నీరు 130 లీటర్లే యనుకొనవలెను. ఇందు పైపొరలో తిరుగునవి, నడుమ తిరుగునవి, అడుగున మసలునవి అని మూడు తెగలను కూర్చుటయే మొదటి మెలకువ. గుంపుగా బ్రతుకు చేపను ఒంటరిగాగాని జంటగాగాని తేక, తక్కువలో తక్కువ ఆరింటిని, వీలైనచో పదింటిని తెచ్చుట రెండవది. ఒక్క నియాన్ టెట్రా భయముతో మూల నక్కి వెలవెలబోవును. అవియే పది కలిసినచో నడుమకు వచ్చి తమ నీలిరేఖను ప్రదర్శించును. మూడవ మెలకువ అడుగుపరుపు నల్లగా నుండవలెననుట. తెల్లని గులకఱాళ్లపై చేప తన వన్నె తగ్గించుకొని పాలిపోవును; నల్లని యిసుకపై అదే చేప పదింతలు మెఱయును. దుకాణదారు అంటగట్టు ఆకుపచ్చ, గులాబిరంగు ఱాళ్లను గుమ్మములోనే వదలి రండు.

ఇచ్చట నా పక్షపాతమును దాచను. దక్షిణ అమెరికా చేపలకై తహతహలాడువారు మన నదులను మఱచిరి. ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడైన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ మత్స్యములపై 1822లో ప్రకటించిన గ్రంథ మొక్కటి తెఱచినచో తొట్టి మొత్తము నిండును. పైపొరకు జీబ్రా డానియోలు పండ్రెండు. నేడు హైదరాబాదు సి.సి.ఎం.బి. మొదలుకొని ప్రపంచ మందలి పెక్కు పరిశోధనశాలలలో పెరుగు చేప యిదియే. నడుమకు రోజీ బార్బులు ఎనిమిది. అడుగునకు గుంటియా లోచ్‌లు అయిదారు. మెత్తని యిసుక పఱచినచో అవి కన్నులు మాత్రము వెలికి పెట్టి పూడుకొని కూర్చుండును. వీనికి తోడు మరుగుజ్జు గౌరామి జంట యొకటి. ఎఱుపు నీలపు టేటవాలు చారలతో మగచేప వచ్చి నీటిపై బుడగల గూడు కట్టును. కొఱ్ఱమీనువలెనే గౌరామియు పైకి వచ్చి గాలి పీల్చును గావున తొట్టి మూతక్రింద కొంత జాగా వదలవలెను. ఈ నాల్గును హామిల్టన్ గ్రంథమున పేరు పొందినవే.

రోజీ బార్బులందు ఆడవానిని తప్పక చేర్చుడు. రంగు మగవానికే కలదని యవియే కొనితెచ్చువారు మోసపోవుదురు. ఆడచేప చేరువైనపుడు మగచేపను నిదానించి చూడుడు: తోకమొదట నున్న నల్లచుక్క కాటుకబొట్టువలె తేరును, రెక్కల యంచులు నల్లబడును, పొట్టనుండి ప్రక్కలకు ఎఱుపు ప్రాకి, క్షణములలో ఒడలెల్ల రాగిచెంబు తోమినట్లు తళతళలాడును. పోటీకి మఱియొక మగచేప వచ్చెనా, ఆ యెఱుపు ఇనుమడించును. ఏ రంగుడబ్బా యీ పని చేయగలదు?

పొత్తు కుదరనివానిని గూర్చియు చెప్పవలెను. టైగర్ బార్బు చురుకైనది, అందమైనది, కాని ఏంజిల్ చేప రెక్కలను, గప్పీ తోకను కొఱుకక మానదు. ఎదిగిన ఏంజిల్ నియాన్ టెట్రాలను మ్రింగును. మరుగుజ్జు గౌరామి మగవి రెండున్న తొట్టిలో శాంతి యుండదు. ఉప్పదనము గల బోరునీటి యిండ్లలో మోలీలు, ప్లాటీలు, గప్పీలు సుఖముగా నుండును. మృదుజలముల టెట్రాలకు అది పొసగదు. కుళాయినీటి క్లోరినును విఱిచిన గాని యే చేపకును క్షేమము లేదు. క్రొత్త తొట్టిలో మలినమును హరించు సూక్ష్మజీవులు ఫిల్టరునందు స్థిరపడుటకు నెల, నెలపదిదినములు పట్టును. అంతవఱకు ఓర్పు లేనివాడు చేపలను చంపుటకే కొనుచున్నాడు.

ఇక నా కడుపుమంట. హామిల్టన్ పేరు పెట్టినవానిలోనే గాజుచేప యొకటి గలదు. మన చెఱువులలోను కాలువలలోను తిరుగు నీ పిల్లచేప, వెన్నెముక ముల్లు ముల్లుగ లెక్కపెట్టదగినంత పారదర్శకమైనది. దీని యొడలిలోనికి సూదితో గులాబి, పచ్చ, నీలి రంగులెక్కించి, రంగుచేప యని యమ్మువారు గలరు. ఆ సూదిపోట్లకు చచ్చునవి చావగా, బ్రతికినవాని రంగు కొలది నెలలలో వెలిసిపోవును. సృష్టి స్ఫటికమువలె మలచినదానిపై సిరా పులుముట కంటె మోటుతన మింకేమి గలదు? షార్కు పిల్లలని పసివారికి చూపి యమ్మునవి మన కృష్ణా, గోదావరి జిల్లాల చెఱువులలో పెంచు పంగాస్ చేపపిల్లలే. అడుగు దాటి, మీటరు వఱకు పెరుగగల ఆ జీవిని మూడడుగుల గాజుపెట్టెలో బంధించుట పాపము. వాస్తుచేప యని ఫ్లవర్‌హార్నును వేలు పోసి కొనువారు, అది తోడిచేపను బ్రతుకనీయని సంకరజాతి యని యెఱుగుదురా?

అన్నిటికంటె ఘోరము మఱియొకటి. అద్దపు పాచి నాకునని తెచ్చిన సక్కర్ చేప అడుగున్నర పెరిగి తొట్టి చాలనపుడు, జాలిపడినవారై దానిని చెఱువులో విడుచుచున్నారు. దెయ్యపుచేప యని జాలరులు శపించుచున్నది దానినే. దాని ముండ్లకు వలలు చినుగుచున్నవి, దాని తాకిడికి పరిగెలు మొదలగు మన చిఱుచేపలకు తావు తఱుగుచున్నది. కావున పాఠకులారా, సూదిరంగు చేపను ఊరక యిచ్చినను పుచ్చుకొనకుడు. పెరిగి భారమైన చేపను అమ్మినవానికే తిరిగి యప్పగింపుడు. చెఱువులోను కాలువలోను మాత్రము విడువకుడు.