జారని తువ్వాలు

'రుస్తుమ్' (2016) నాకు నచ్చకపోవడానికి అక్షయ్ కుమార్ కారణం కాదు. కథని జ్యూరీ తీర్పు దగ్గర ముగించేయడం కారణం. దానికి మూలమైన 1959 నాటి బొంబాయి నానావతి కేసులో తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, నిజమే. సెషన్స్ జడ్జి మాత్రం ఒప్పుకోక హైకోర్టుకి నివేదించాడు. అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ ఖాయం చేసింది.

ఈలోగా 'బ్లిట్జ్' ఆ నేవీ కమాండర్ని హీరోని చేసేసింది. పావలా పత్రిక రెండు రూపాయలకి పోయింది. బజార్లో 'అహుజా తువ్వాళ్ళు', 'నానావతి రివాల్వర్లు' అమ్మారట!

ఆ తువ్వాలు సంగతే చూడండి. పెనుగులాటలో రివాల్వర్ పేలిందని డిఫెన్సు వాదన. స్నానం చేసొచ్చిన అహుజా ఒంటిమీద తువ్వాలేమో చుట్టింది చుట్టినట్టే ఉంది. పెనుగులాడితే ఊడిపోదా? వీధిలో వేళాకోళమైంది సుప్రీంకోర్టులో బలమైన సాక్ష్యం. వేళాకోళమే తెలిసిన పాఠకుడికి పైకోర్టు తీర్పు ఎలా కనిపిస్తుంది? జనం వదిలేసినవాణ్ణి కోటు తొడుక్కున్న పెద్దలు పట్టుకుపోయినట్టు. కోర్టు చెప్పిన కారణాలు అతని దాకా రానేలేదు మరి. యాభై ఏడేళ్ళ తర్వాత సినిమా కూడా రానివ్వలేదు.

ఈ కేసు వల్లే జ్యూరీ పద్ధతి పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. రద్దు చెయ్యమని లా కమిషన్ 1958లోనే, అంటే ఆ తూటాలు పేలకముందే, చెప్పింది. ఆ ముక్కకి పావలా కూడా రాదు.