ముఠా పేరులో తెగ పేరు

2018 మే నెలలో తెలంగాణ ఊర్లల్లో జనం రాత్రిళ్లు కర్రలు పట్టుకొని కాపలా కాసిన సంగతి మనలో చాలామందికి యాదికుంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే 'పార్థీ గ్యాంగ్' దిగిందని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. అలాంటి ముఠా ఏదీ రాలేదని పోలీసులు పదేపదే చెప్పినా నష్టం ఆగలేదు. నిజామాబాద్ జిల్లాలో, బీబీనగర్ దగ్గర అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపారు. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ మాసమని భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీశారు.

వదంతి వాట్సాప్‌దే. మరి ఆ పేరెక్కడిది? పార్థీ అంటే మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు వేట మీద బతికిన ఒక తెగ. ఎక్కడైనా దోపిడీ జరిగితే, ఒక్కరూ దొరకకముందే 'పార్థీ గ్యాంగ్ పనేనా?' అని శీర్షిక పెట్టే అలవాటు మన పత్రికలకు, చానెళ్లకు చాలా ఏళ్ల నుంచి ఉంది. భయానికి పేరు ముందే సిద్ధం చేసి పెట్టారు. వాట్సాప్ దాన్ని వాడుకుంది.

ఎరుకలోళ్లమైన మాకు ఇది పాత కథే. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. 1913లో గుంటూరు జిల్లాలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. 1952లో చట్టం పోయింది. 'స్టువర్టుపురం దొంగలు' అన్న మాట మాత్రం వార్తల్లో, సినిమాల్లో అట్లనే ఉంది. ఆ ఊరు ఎటుందో తెలియని మా నవాబుపేట పిల్లలకూ అది అంటుకుంటుంది. తరగతిలో పెన్ను పోతే మొదట ఎవరి సంచి వెతుకుతారో టీచర్లకు చెప్పాల్సిన పని లేదు.

బ్యాంకుకు కోట్లు ఎగ్గొట్టినాయన వార్తలో ఆయన పేరుంటది, కంపెనీ పేరుంటది. ఫలానా కులం గ్యాంగ్ అని ఉండదు. అడిగితే, పోలీసులు ప్రెస్‌మీట్‌లో చెప్పిందే రాశామంటారు విలేకరులు. పోలీసులు చెప్పింది ఆరోపణ. ఇక, ఒక కులాన్ని కించపరిచే సందర్భంలో దాని పేరు వాడవద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. పట్టుబడిన నాడు మొదటి పేజీలో వేసిన ఫొటోకు, కోర్టు వదిలేసిన నాడు జిల్లా పేజీలో కూడా చోటుండదు.

విలేకరులంతా ఇంతేనని మేము అనడం లేదు. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచుతున్నారని సుకన్య శాంత అనే జర్నలిస్టు రాసి, సుప్రీంకోర్టు దాకా పోయింది. 2024 అక్టోబర్ 3న కోర్టు జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. విముక్త తెగల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకూ చెప్పింది. జైలు రిజిస్టరులో ఉండకూడనిది పత్రిక శీర్షికలో ఎట్ల ఉంటది?

యువకులకు, తోటి టీచర్లకు ఒక మాట. అలాంటి వార్త కనబడితే కత్తిరించి, తేదీ రాసి దాచండి. పిల్లలతో చదివించి, తెగ పేరు కొట్టేయించి మళ్లీ చదివించండి. వార్తలో ఏం తగ్గిందో వాళ్లనే చెప్పమనండి. తర్వాత సంపాదకుడికి ఉత్తరం రాయండి. జవాబు సరిగా రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల లోపు పంపాలి. టీవీ చానెళ్లు మాత్రం ఆ కౌన్సిల్ కిందికి రావు.