ఇంగువ డబ్బా వెనకవైపు

మా మేనకోడలు లూథియానా కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది. కొత్త దంపతుల్ని రాత్రి భోజనానికి పిలిస్తే రెండు రోజుల ముందే ఫోన్ చేసింది. "అత్తా, తనకి సీలియాక్ ఉంది. గోధుమ పడదు. రవ్వంత కూడా."

నేను నవ్వేశాను. "అదో సమస్యటే? మనింట్లో అన్నమేగా!"

ఆ ధీమాతోనే ముద్దపప్పు, గుత్తివంకాయ, పులిహోర, చారు చేశాను. వేసవిలో పెట్టిన మాగాయ జాడీ దించాను. అల్లుడొస్తే బొబ్బట్లు చేయడం మా ఇంటి ఆనవాయితీ. బొబ్బట్టు పైపొర మైదా కనక ఈసారి పూర్ణం బూరెలు వండాను. బూరె పైపిండి మినప్పప్పూ బియ్యమూ రుబ్బిందే. అంత తెలివి చూపించానని మురిసిపోతుంటే ఆ అబ్బాయి వంటింటి గుమ్మంలోకొచ్చి మొహమాటంగా అడిగాడు: "బువాజీ, హింగ్ డబ్బా ఒక్కసారి చూడొచ్చా?"

పాతికేళ్లుగా కొంటున్న ఇంగువ. డబ్బా వెనక చీమకాళ్లంత అక్షరాల్లో ఉంది, గోధుమ పిండి అని. పులిహోరలో అదే. చారు పోపులో అదే. మాగాయలోనూ అదే. పోనీ బూరెలైనా తినవయ్యా అంటూ, పొద్దున పూరీలు వేగిన నూనె వృథా కాకుండా వాటికే వాడానని నా పొదుపు గురించి నేనే గొప్పగా చెప్పుకున్నాను. దాంతో అవీ పక్కకెళ్లాయి. పప్పన్నం, వంకాయ, పెరుగన్నం తిని చాలా బాగుందన్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంగువలో గోధుమేమిటని మీకూ అనిపించవచ్చు. అఫ్గానిస్తాన్, ఇరాన్ ప్రాంతాల్లో పెరిగే ఒక మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి ఇంగువవుతుంది. దాని ఘాటు అలాగే భరించలేం, ఆ జిగురు చిటికెతో తీయడానికీ రాదు. అందుకే బంకా పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి కొన్నింట్లో బియ్యప్పిండి, చాలావాటిల్లో గోధుమ పిండో మైదానో.

చపాతీ ముద్దని సాగేలా చేసే మాంసకృత్తే గ్లూటెన్. గోధుమలోనే కాదు, బార్లీలోనూ రైలోనూ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు అది తింటే ఒళ్లు తన మీద తనే తిరగబడుతుంది. చిన్నపేగు లోపల సత్తువని పీల్చుకునే నూగు అరిగిపోతుంది. సన్నబడడానికి గోధుమ మానేసేవాళ్ల సరదాకీ దీనికీ పోలిక లేదు. ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో బాగా తక్కువ కాబట్టి మన పెద్దవాళ్లు ఈ పేరు విని ఉండరు. గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేసిన సరుకులో అది కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు నియమం. అంటే లెక్క చిటికెల్లో కాదు, నలుసుల్లో.

రెండోసారి పిలిచినప్పుడు పంతానికి పోయి జొన్నరొట్టె అనుకున్నాను. జొన్నలో గ్లూటెన్ లేదు, నిజమే. కడిగి ఎండబెట్టి పిండిమరకి తీసుకెళితే, నా ముందు ఎవరివో పది కిలోల గోధుమలు మరలో పడుతున్నాయి. గొట్టం నిండా తెల్లటి దుమ్ము. మర కూడా ఇంగువ కట్టిన గుడ్డే. ముందు కాసిని బియ్యం ఆడించి తర్వాత నావి ఆడించమందామనుకున్నాను గానీ, దానికి భరోసా ఎవరిస్తారు? జొన్నలు వెనక్కి తెచ్చేశాను. ఆ రోజు నుంచి నా పద్ధతి ఒకటే. అలాంటి అతిథి వస్తే ఇంట్లో నానబెట్టి, ఇంట్లో రుబ్బుకునేవే వండుతాను.

పెసలకి మించింది లేదు. ఏరి, కడిగి, గుప్పెడు బియ్యంతో నానేస్తే పెసరట్టుకి పిండి సిద్ధం. లోపల ఉప్మా కావాలంటే బొంబాయి రవ్వ మానేసి, బియ్యాన్ని మిక్సీలో రవ్వగా పట్టి పెసరపప్పుతో ఉప్పిండి చేస్తాను. అసలు ఉప్మా కన్నా నాకదే రుచి. పక్కన అల్లం పచ్చడి. ఇక పెనం సంగతి. షుగర్ పేరు చెప్పి మా ఆయన రోజూ రాత్రి తినే రెండు చపాతీలూ కాలేది అట్ల పెనం మీదే. ఎంత తోమినా నమ్మకం కుదరక కొత్తది కొన్నాను. ఇంట్లో దాని పేరు అల్లుడి పెనం. ఇంకెవరి చపాతీకీ దక్కదు.

పులిహోర దగ్గర మాత్రం ఓడిపోయాను. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి ఎంత దట్టించినా ఇంగువ లేని లోటు లోటే. చివరికి బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరికాక గానీ ప్రాణం కుదుటపడలేదు. తీపికి ఆత్రేయపురం పూతరేకులు తెప్పించాను. బియ్యపు పిండి నీళ్లతో కాల్చిన రేకు, నెయ్యి, బెల్లం, అంతే. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి.

ఒక్కడి కోసం విడిగా ఓ గిన్నె వండి మూల పెట్టడం నాకు నచ్చదు. ఆ రాత్రి పదకొండు మందిమీ అవే తిన్నాం. ఏ గరిటె ఏ గిన్నెలో పడిందో కాపలా కాయాల్సిన పనీ తప్పింది.

మీ ఇంటికీ అలాంటి చుట్టం వస్తుంటే, ఏం వండాలన్నది తర్వాత ఆలోచించండి. ముందు కళ్లజోడు పెట్టుకుని ఇంగువ డబ్బా వెనక్కి తిప్పండి.