నీలిరంగు ఎక్కించే చేతులు
శవంలో చిన్నమెదడు సిరలు సరిగా కనబడవు. నెత్తురు లేక గోడలు అతుక్కుపోయి, పొరల్లో కలిసిపోతాయి. అక్కడే అనాటమీ ల్యాబ్‌లో రంగు ఎక్కించేవాళ్ల పనితనం తెలిసేది. మెడలోని పెద్ద సిరల గుండా నీళ్లు పంపి, గడ్డలు పోయేదాకా ఓపిగ్గా కడుగుతారు. ఆపైన సిరల్లోకి నీలి రంగు సిలికాన్, ధమనుల్లోకి ఎరుపు. ఒత్తిడి ఎక్కువైతే పలచటి సిర చిట్లుతుంది. తగ్గితే రంగు కొసలదాకా పాకదు. సిరింజి మీది బొటనవేలికే ఆ లెక్క తెలియాలి.

అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఆల్బర్ట్ రోటన్ ల్యాబ్ ఈ పనికి పెట్టింది పేరు. చిన్నమెదడు పైభాగపు సిరలు గాలెన్ మహాసిర వైపు, ముందువైపువి పెట్రోసల్ సిరలోకి సాగడం ఇలాంటి నమూనాల్లో స్పష్టంగా చూడొచ్చు. ఈ రెండోదాన్నే డాండీ సిర అంటారు. ముఖంలో మెరుపులా కొట్టే ట్రైజెమినల్ నొప్పికి ఆపరేషన్ చేసే సర్జన్‌కు దారిలో అడ్డొచ్చేది ఇదే. తెంపితే కొందరిలో చిన్నమెదడు వాస్తుంది.