చాటింపు వేసినోని పేరేంది?

వర్గల్ గుట్ట మీద చదువులతల్లి గుడి ఉంది. బిడ్డలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తరు. నాకు చదువు మీద ఆశ పుట్టించింది మాత్రం అట్టలు లేని ఒక చందమామ కట్ట. మా అవ్వ ఒక పెద్దింట్ల వాకిలి ఊడ్చేది, పెండ ఎత్తేది. పాత పుస్తకాలకు చెదలు పట్టినయని ఆ ఇంటోళ్లు "పొయ్యిల ఏస్కో పో" అని ఇచ్చిండ్రు. అవ్వకు అక్షరం ముక్క రాదు. బొమ్మలు చూసి పొయ్యిల పెట్టబుద్ధి కాలేదట. "పిలగాడు సూస్తడు" అని కొంగుల మూటగట్టి తెచ్చింది. 1997ల నాకు ఎనిమిదేండ్లు.

ఎవరో సీరియల్ పేజీలు మాత్రమే చింపి దారంతో కుట్టుకున్న కట్ట అది. 'శిథిలాలయం' సగం, 'మాయా సరోవరం' ఇంకొంత. మొదలు లేదు, చివర లేదు. శిఖిముఖి, విక్రమకేసరి చివరికి ఏమైండ్రో తెలియక ఏండ్లు గడిపిన. బర్రెల కాడ కూసోని మిగిలిన కథ నేనే అల్లుకునేటోణ్ణి. ఇప్పుడు సర్కారు బళ్లె పంతులుగ బతుకుతున్నానంటే ఆ పేజీల రుణం కూడా ఉంది. ఆ రుణం ఒప్పుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

నన్ను అవి ఎందుకంత పట్టుకున్నయి? రాక్షసులు, మాంత్రికులు ఉన్నరనే కాదు. ఆ కథల్ల సాహసికుడు ఎక్కడికైనా పోతడు. దప్పికైతే ఏ కొలనులనైనా దిగి నీళ్లు తాగుతడు. చీకటి పడితే ఏ ఇంటి తలుపైనా తడతడు. "నువ్వు ఎవలోని కొడుకువు? మీదే వాడ?" అని ఎవరూ అడగరు. హోటల్ల మా నాయినకు వేరే గ్లాసుల చాయ్ పోయంగ చూసిన పిలగాడికి అంతకన్న పెద్ద మాయ ఏముంటది? ఎగిరే గుర్రం కన్న ఎవరూ ఆపని కొలను నాకు ఎక్కువ వింత అనిపించింది.

ఆ కథలు రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం అని పెద్దయినంక తెలిసింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైల మొదలుపెట్టిన పత్రికల ఆయన 1952ల చేరిండు. 1954ల వచ్చిన 'తోకచుక్క' నుంచి 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు సీరియళ్లు రాసిండు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. లక్షల మంది పిల్లలను అడవులెంబడి తిప్పినాయన పేరు ఆ పిల్లలకే తెల్వదు. ఆయన 2010ల పోయిండు. కొన్నేండ్లకు చందమామ కూడా ఆగిపోయింది. సీరియళ్లు మాత్రం విడి పుస్తకాలుగ వచ్చినయి. మొదటి జీతాల నాడు ఇల్లు మరమ్మతు చేయించిన, చెల్లె పెండ్లి అప్పు కట్టిన. తర్వాత కొన్నది ఆ పుస్తకాలే. సగంల ఆగిన కథను ఇరవై ఏండ్లకు చివరిదాక చదివిన.

చదువుతుంటె సంబురమే. కాని చిన్ననాటి కండ్లు వేరు, బాబాసాహెబ్‌ను చదివిన కండ్లు వేరు.

నాకు ముందుగ కనిపించింది రాక్షసుడు. తోలు కట్టుకున్నోడు, మాంసం పీక్కొని తినేటోడు, నల్లనోడు, ఊరవతల ఉండేటోడు. తోలు మా తాత చేతిపని. పెద్దకూర మా పండుగ. ఊరవతల మా ఇల్లు. చిన్నప్పుడు రాక్షసుడు చస్తే నేనూ చప్పట్లు కొట్టిన. ఎవరి చావుకు కొట్టిననో అప్పుడు తెల్వదు.

తర్వాత ఊరిని వెతికిన. ఆ కథల్ల రాజులున్నరు, మంత్రులున్నరు, పురోహితులు, వర్తకులు, రైతులున్నరు. 'శిథిలాలయం'ల గూడెం బిడ్డ శిఖిముఖే నాయకుడు. అది దాసరి గారి పెద్దమనసు, కాదనను. అడవి ఉంది, గూడెం ఉంది. వాడ ఏది? ఆ గుర్రాల జీనులు ఎవరు కుట్టిండ్రు? కత్తుల ఒరలు, చెప్పులు, నీళ్ల తిత్తులు ఎవరు చేసిండ్రు? చచ్చిన గుర్రాన్ని ఎవరు ఎత్తేసిండ్రు? ఇంత తోలు సామాను ఉన్న లోకంల తోలు పని తెలిసిన మనిషి ఒక్కడూ లేడు.

ఒక్కడు దొరికిండు. చందమామ కథల్ల అడుగడుగునా చాటింపు ఉంటది. రాక్షసుణ్ణి చంపినోనికి అర్ధరాజ్యం, రాజకుమారి. ఆ మాట ఊరంత చాటేది ఎవరు? వాద్యం మెడల వేసుకొని ఒక బొమ్మల నిలబడి, మళ్ల కనిపించకుండ పోయేటోడు. వానికి పేరు లేదు. మా నాయిన వర్గల్ గల్లీలల్ల డప్పు కొట్టి చాటింపు వేసిండు. బియ్యం వచ్చినయని, కరెంటు బిల్లు కట్టాలని. ఎవరికి ఏం వచ్చిందో ఊరికి చెప్పేటోడు ఆయనే, ఆఖరికి తీసుకునేటోడూ ఆయనే. అర్ధరాజ్యం సంగతి ముందుగ తెలిసేది చాటింపు వేసేటోనికే. మరి వాడెందుకు రాక్షసుని మీదికి పోడు? ఆ ఊహ రాసేటోనికి ఎందుకు రాదు?

"పిల్లల కథల్ల కూడ కులం వెతుకుతవా మాస్టారూ?" అని ఒక మిత్రుడు అన్నడు. నేను వెతకలేదు. రాజు, పురోహితుడు, వర్తకుడు అనే వరస ముందునుంచే ఆడ ఉంది. అవి కులం లేని కథలు కావు, మా కులం లేని కథలు. అదే నాగిరెడ్డి, చక్రపాణి 1951ల తీసిన 'పాతాళభైరవి'ల తోటరాముడు తోటమాలి కొడుకు. నేపాళ మాంత్రికుణ్ణి గెలిచి రాజకుమారిని చేసుకుంటడు. అంటె కిందోడు పైకెక్కే ఊహ మన కథకులకు తెల్వంది కాదు. అది కోటగోడ లోపలి తోటమాలి దాక వచ్చింది. ఊరు దాటి రాలేదు.

మరి మాకు అద్భుత కథలే లేవా? ఉన్నయి. మా వాడకు చిందోళ్లు వస్తె తెల్లవార్లు జాంబపురాణం నడిచేది. భూమి పుట్టకముందు ఆరు నెలలకు పుట్టినోడు మా ఆది జాంబవుడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని బాపనాయనతోని వాదం పెట్టుకుంటడు. ఇంతకన్న పెద్ద వీరుడు ఏ బొమ్మల పుస్తకంల ఉన్నడు? రామాయణంకాడికి వచ్చేసరికి ఆ జాంబవంతుడు ఎలుగుబంటి అయిండు. మనిషిని ఎలుగును చేసిన ఈ మాయ ముందు 'భల్లూక మాంత్రికుడు' ఎంత? జాంబపురాణంల కూడ ఒక ముల్లు ఉంది. కామధేనువు మాంసం తిన్నందుకే కిందికి పడ్డమని మన నోటితోనే చెప్పిస్తది. ఆ ముల్లు తీసి చదువుకోవాలె తప్ప పురాణాన్నే పారేయొద్దు.

2011ల 'భీమాయన' వచ్చింది. బాబాసాహెబ్ అనుభవాలకు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బొమ్మలు వేసిండ్రు. కొందామంటే నా చేతికి ఆలస్యంగ దొరికింది. అందుల మంచి మాటలు పిట్ట ఆకారంల ఉంటయి, విషం మాటలకు తేలు తోక ఉంటది. నీళ్లు అడిగిన పిలగాడి దప్పిక పుస్తకమంత పారుతది. చిన్నప్పుడు నేను చందమామల వెతుక్కున్న కొలను కథ అదే. ఇక్కడ దాన్ని మాయ చేయలేదు, ఉన్నదున్నట్టు అడిగిండ్రు.

అందుకని దాసరి పుస్తకాలను పొయ్యిల పెట్టాల్నా? మా అవ్వ పెట్టలేదు, నేనూ పెట్టను. నా పుస్తకాలన్ని బళ్లె అలమార్ల పెట్టిన. పిల్లలు చదువుతుంటె ఒక్కటే ప్రశ్న అడుగుత. "చాటింపు వేసినోని పేరేంది?" ముందు నవ్విండ్రు. పేజీలు ఎనుకకు తిప్పి వెతికిండ్రు. లేదన్నరు. "అయితె మీరే పెట్టుండ్రి" అన్న.

ఏడో తరగతి చదివే మా వాడ పిల్ల నోటుబుక్కుల కథ రాసి తెచ్చింది. అందుల చాటింపు వేసేటోడు ఊరి చివరిదాక పోయి ఆగడు. డప్పు కొట్టుకుంట అడవిలకు పోతడు. ఆ సప్పుడుకు రాక్షసుడు బయటికి వస్తడు. ఇద్దరు కూసోని గట్క తింటరు. ఊరవతల ఉన్నోళ్లం మనిద్దరమే కదా అని మాట్లాడుకుంటరు. చంపుడు లేదు, అర్ధరాజ్యం లేదు. తప్పులు దిద్దుదామని ఎర్రపెన్ను తీసిన. దిద్దలేదు. ఆ పిల్ల చాటింపోనికి మా నాయిన పేరు పెట్టింది.